చర్మానికి ముసలితనం ఎందుకు వస్తుంది? ఏం రాసుకోవాలి, ఏం రాసుకోకూడదు

ముందు ఒక చిన్న పని చేయండి. చేయి పైకెత్తి, భుజం కింద లోపలి వైపు, ఎప్పుడూ ఎండ తగలని చోట చర్మం ఎలా ఉందో చూడండి. తర్వాత అదే చేతి వెనక భాగం, వేళ్ల కణుపుల దగ్గర చూడండి. రెండు చోట్లా చర్మం వయసు ఒకటే. కానీ ఒకటి నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. రెండోది గరుకుగా, నల్లబడి, సన్నని గీతలతో ఉంటుంది. నలభై, యాభై దాటిన వాళ్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఎండ వల్ల వచ్చిందే.

ఇంత సింపుల్ విషయం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలిసిందల్లా "తెల్లబడే క్రీము". పెళ్లి కుదిరితే క్రీము, ఈద్ వస్తే ఫేషియల్, మచ్చ వస్తే మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ట్యూబు. ముడతలు రాకుండా, చర్మం బాగుండాలని మొదలుపెట్టిన వాటిలో కొన్ని చర్మాన్ని పదేళ్లు ముందే ముసలిది చేస్తున్నాయి. అందుకే చర్మం ఎలా పాతబడుతుందో, ఏది పనిచేస్తుందో, ఏది దెబ్బతీస్తుందో ఒకచోట రాస్తున్నాం.

చర్మం లోపల ఏం జరుగుతుంది

చర్మానికి పై పొర, లోపలి పొర, దాని కింద కొవ్వు పొర ఉంటాయి. పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంది. యవ్వనంలో దీనికి నెల రోజులు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఈ పని నెమ్మదిస్తుంది. పాత కణాలు పైనే నిలిచిపోతాయి, ముఖంలో మెరుపు తగ్గుతుంది.

అసలు కథ లోపలి పొరలో ఉంది. అక్కడ కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచుతాయి. ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీటులో వేసే ఇనుప చువ్వల్లాగా. ఎలాస్టిన్ అనే మరో రకం పోగులు సాగిన చర్మాన్ని మళ్లీ వెనక్కి లాగుతాయి. ఇరవై ఐదు దాటినప్పటి నుంచి కొలాజెన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక మొదటి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం పోతుంది. "నిన్నటి దాకా బాగానే ఉన్నా, ఒక్కసారిగా ముఖం వాడిపోయింది" అని అమ్మీలు, ఖాలాలు అంటుంటారు కదా. అది వాళ్ల భ్రమ కాదు.

ఇదంతా అల్లాహ్ పెట్టిన వయసు లెక్క, దాన్ని ఎవరూ ఆపలేరు. మన చేతిలో ఉన్నది బయటి కారణాలు. వాటిలో మొదటిది ఎండ, రెండోది పొగాకు, తర్వాత చక్కెర.

ఎండలో కంటికి కనిపించని కిరణాలు రెండు రకాలుగా మనల్ని తాకుతాయి. యూవీబీ పై పొరను కాలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో చర్మం మండటం దాని పనే. యూవీఏ మండదు, ఏమీ తెలియదు. కానీ లోపలి పొర దాకా వెళ్లి కొలాజెన్ పోగులను తెంపుతుంది. మబ్బు ఉన్నా వస్తుంది, కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. 2012లో అమెరికాకు చెందిన ఒక వైద్య పత్రికలో 69 ఏళ్ల ట్రక్కు డ్రైవర్ ఫొటో వచ్చింది. 28 ఏళ్లు బండి నడిపాడు. అక్కడ డ్రైవర్ ఎడమ వైపు కూర్చుంటాడు కాబట్టి అద్దం పక్క ఉన్న ఎడమ చెంప అంతా లోతైన ముడతలతో వేలాడుతోంది, కుడి చెంప మాత్రం పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాడిదిలా ఉంది. మన దగ్గర డ్రైవర్ సీటు కుడి వైపు. క్యాబ్ నడిపే అన్నలు ఒకసారి అద్దంలో కుడి చెంప చూసుకోండి.

మన చర్మం రంగు మనకు కొంత రక్షణ ఇస్తుంది. మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లతో పోలిస్తే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. అయితే అదే మెలనిన్ వల్ల మచ్చలు, మంగు, రంగు తేడాలు ముందే వస్తాయి. అంటే మన దగ్గర వయసు ముడతగా కాకుండా మచ్చగా ముందు కనిపిస్తుంది. ఆ మచ్చను చూసి భయపడి తెల్లబడే క్రీము కొంటాం. గొడవ అక్కడే మొదలవుతుంది.

బీడీ, సిగరెట్, హుక్కా చర్మానికి రక్తం అందించే సన్న నాళాలను ముడుచుకునేలా చేస్తాయి. పొగ తాగే వాళ్ల పెదవుల చుట్టూ గీతలు, బూడిద రంగు ముఖం అందుకే. ఇక రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది కొలాజెన్ పోగులకు అతుక్కుని వాటిని గట్టిగా, పెళుసుగా మారుస్తుంది. షుగర్ అదుపులో లేని వాళ్ల చర్మం తొందరగా పాతబడేది ఇలాగే. ఇరానీ చాయ్ మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, రోజుకు ఆరు కప్పులు, ప్రతిదానితో రెండు ఉస్మానియా బిస్కెట్లు అంటే లెక్క వేసుకోవాల్సిందే. మెడ వెనక నల్లగా, మందంగా మారితే మురికి అనుకుని పీచుతో రుద్దకండి. చాలాసార్లు అది శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న గుర్తు. క్రీము కొనే ముందు షుగర్ టెస్ట్ చేయించుకోవాలి.

మెడికల్ షాపులో దొరికే "గోరా" ట్యూబు

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. మన బస్తీల్లో మెడికల్ షాపుకి వెళ్లి "ముఖానికి మంచి క్రీము ఇవ్వు భాయ్" అంటే చాలా చోట్ల చీటీ అడగకుండా చేతిలో పెట్టే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మందు ఒకటి ఉంది. మంగు మచ్చలకు డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని వారాలు మాత్రమే వాడాల్సిన మందు అది. మనవాళ్లు దాన్ని పౌడర్ కింద రాసే ఫేస్ క్రీములా నెలలు, ఏళ్లు వాడుతున్నారు.

మొదటి రెండు వారాలు అద్భుతంగా ఉంటుంది. మచ్చలు తగ్గుతాయి, ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది. పెళ్లిలో అందరూ "ఏం రాస్తున్నావ్?" అని అడుగుతారు, ట్యూబు పేరు చెల్లికి, చెల్లి నుంచి వదినకి పాకుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది. చెంపల మీద ఎర్రటి సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మొటిమలు వస్తాయి, గడ్డం దగ్గర వెంట్రుకలు పెరుగుతాయి, కాస్త ఎండ తగిలినా మండుతుంది. క్రీము ఆపితే రెండు రోజుల్లో ముఖం ఎర్రగా వాచిపోయి దురద పెడుతుంది. భయపడి మళ్లీ రాస్తారు. ఈ చక్రంలో ఇరుక్కున్న వాళ్లు ఎంత ఎక్కువగా ఉన్నారంటే, మన దేశ చర్మ వైద్యులు దీనికి "స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం" అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. లోపల జరిగేది చూస్తే ఇది అచ్చం ముసలితనమే, కొలాజెన్ తయారవడం తగ్గిపోతుంది.

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద రూల్ ఉంది, కౌంటర్ దగ్గర లేదు. కాబట్టి మనమే చూసుకోవాలి. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ అనే గుర్తు, నిలువుగా ఎర్ర గీత ఉంటే అది మందు, ఫేస్ క్రీము కాదు. మందు పేర్లలో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూయోసినోలోన్ అని ఏది కనిపించినా అది స్టెరాయిడ్. గజ్జి, తామర, ఎగ్జిమా లాంటి వాటిలో ఏ జబ్బుకు ఏది వాడాలో డాక్టర్‌కు తెలుసు. తామరకు స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోపల ఇంకా వ్యాపిస్తుంది.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్న వాళ్లు ఇది చదివి ఈ రాత్రే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే పైన చెప్పిన మంట, వాపు వస్తాయి. ట్యూబు చేత్తో పట్టుకుని చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లండి. నెమ్మదిగా ఎలా తగ్గించాలో చెబుతారు. ప్రైవేటు ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు ఉస్మానియా, గాంధీ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లో కూడా ఉంది. లైన్ పొడుగ్గా ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి.

రెండో రకం ఇంకా భయంకరం. గల్ఫ్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో, ఆన్‌లైన్‌లో, చిన్న బ్యూటీ షాపుల్లో దొరికే డబ్బా క్రీములు. వేర్వేరు దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఇలాంటి కొన్నింటిలో పాదరసం దొరికింది. వాటిలో పాకిస్తాన్, థాయిలాండ్, చైనా తయారీవి ఎక్కువ. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది కాబట్టి తొందరగా తెల్లబడతారు. కానీ అది చర్మంలోంచి రక్తంలోకి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 నుంచి 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలిస్తే, వారిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు తేలింది. రాసుకున్న వాళ్లకే కాదు, అదే టవల్ వాడే, అదే మంచం మీద పడుకునే పిల్లలకూ పాదరసం అంటుతుంది.

డబ్బా మీద పాదరసం అని ఎవడూ రాయడు. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, దిగుమతి చేసుకున్న వాళ్ల చిరునామా లేకపోతే ముట్టుకోవద్దు. "బంగారం, వెండి నగలకు తగలనివ్వకండి" అని జాగ్రత్త రాసి ఉంటే అది పాదరసానికి పెద్ద గుర్తు. బంగారాన్ని పాడుచేసేది చెంపకు ఎలా రాసుకుంటాం?

తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు ఎక్కించే క్లినిక్‌లు కూడా వచ్చేశాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చర్మం తెల్లబడేందుకు ఏ ఇంజెక్షన్‌నూ ఇప్పటిదాకా ఆమోదించలేదు. పెళ్లికి ముందు "ప్యాకేజీ" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుంచుకోండి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసింది. మన పెళ్లి సంబంధాల బయోడేటాల్లో మాత్రం ఆ మాట ఇంకా అలాగే ఉంది.

పనిచేసేది ఏది

ఇంత పెద్ద మార్కెట్లో వయసును నెమ్మదింపజేస్తాయని గట్టి ఆధారం ఉన్నవి చాలా తక్కువ. మొదటిది సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబోర్ అనే ఊళ్లో 55 ఏళ్ల లోపు వాళ్లు 900 మందిని తీసుకుని నాలుగున్నరేళ్లు గమనించారు. సగం మందిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతా వాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. చేతి వెనక చర్మం అచ్చులు తీసి పోల్చితే, రోజూ రాసుకున్న వాళ్లలో చర్మం పాతబడటం 24 శాతం తక్కువగా ఉంది. ఈ ఫలితం 2013లో వచ్చింది.

ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు. అది యూవీబీని 97 శాతం ఆపుతుంది, 50 ఆపేది 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం డబుల్ రేటు పెట్టనక్కర్లేదు. అయితే యూవీఏ కోసం పీఏ+++ లేదా "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉందో లేదో చూడాలి. మంగు ఉన్న వాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమ రంగులో ఉండే టింటెడ్ రకం ఇంకా మంచిది. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, ఆ రంగు దాన్ని అడ్డుకుంటుంది.

ఎంత రాయాలి? చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. అది సుమారు ఒక గ్రాము. కామర్స్ చదివిన వాణ్ణి కాబట్టి లెక్క చెబుతా. 50 గ్రాముల ట్యూబు రోజుకు ఒకసారి రాస్తే 50 రోజులు, రెండుసార్లు రాస్తే 25 రోజులు వస్తుంది. మీ ట్యూబు ఆరు నెలలుగా అల్మారాలో అలాగే ఉందంటే మీరు సన్‌స్క్రీన్ వాడటం లేదు, వాసన చూస్తున్నారు. ఖరీదైనది కొని పొదుపుగా రాసే కంటే చవకైనది కొని నిండుగా రాయడం మేలు.

రెండోది రెటినాయిడ్లు, అంటే విటమిన్ ఏ నుంచి వచ్చినవి. ట్రెటినాయిన్ కొలాజెన్‌ను మళ్లీ పెంచుతుందని, సన్న గీతలు తగ్గిస్తుందని 1980ల నుంచి ఆధారాలు ఉన్నాయి. ఇది డాక్టర్ చీటీతో వాడే మందు. దాని చెల్లెలు లాంటి రెటినాల్ మామూలుగానే దొరుకుతుంది, శక్తి తక్కువ. శనగ గింజంత తీసుకుని వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి. మొదట్లో పొట్టు రాలుతుంది, కాస్త మండుతుంది. ఫలితం కనపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్న వాళ్లు అసలు వాడకూడదు. పొద్దున సన్‌స్క్రీన్ రాయని వాళ్లు కూడా దీని జోలికి పోకపోవడమే మంచిది.

మూడోది మామూలు మాయిశ్చరైజర్. ముడతలను మాయం చేయదు గానీ చర్మం తేమను పట్టి ఉంచుతుంది. గ్లిజరిన్, పెట్రోలియం జెల్లీ ఉన్న చవక రకాలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. విటమిన్ సీ సీరమ్‌లు కొంత సాయం చేస్తాయి, కానీ గాలి, వెలుతురు తగిలితే తొందరగా పాడైపోతాయి. గోధుమ రంగులోకి మారిన సీసా పారేయండి.

కొలాజెన్ పొడులు, షర్బత్‌ల గురించి చాలామంది అడుగుతున్నారు. తాగిన కొలాజెన్ కడుపులో మామూలు ప్రోటీన్ లాగే ముక్కలైపోతుంది, నేరుగా చెంపకు వెళ్లి కూర్చోదు. లాభం ఉందని చెప్పిన అధ్యయనాల్లో చాలావరకు కంపెనీల డబ్బుతో జరిగినవి. ఇంకో సంగతి. కొలాజెన్‌ను ఆవు, చేప, పంది చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ఏ జంతువుదో రాయని డబ్బా మనకు పనికిరాదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, జామకాయలు కొనుక్కోవచ్చు.

ఉబ్టన్, శనగపిండి, ముల్తానీ మట్టి వల్ల నష్టం లేదు. జిడ్డు పోతుంది, చర్మం నున్నగా అనిపిస్తుంది, అంతే. మాంజాలో పసుపు రాయడం మన సంబరం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ నిమ్మకాయ, వంట సోడా ముఖానికి రాయకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, నెలల తరబడి పోని నల్ల మరకలు పడతాయి. కొన్ని అత్తర్‌లతోనూ ఇదే ఇబ్బంది, మెడ మీద రాసిన చోట ఎండ తగిలి నల్ల చారలు వస్తాయి. అత్తర్‌ను బట్టలకు రాసుకుంటే సరిపోతుంది.

వుజూ, సన్‌స్క్రీన్, బుర్ఖా

"రోజుకు ఐదుసార్లు ముఖం కడుగుతాం, ఇక సన్‌స్క్రీన్ ఏం నిలుస్తుంది?" ఇది మన ఇళ్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. నిజానికి నమాజ్ టైములు దీనికి బాగా కుదురుతాయి. బయట ఉన్నప్పుడు ప్రతి రెండు గంటలకు మళ్లీ రాయాలన్నది సన్‌స్క్రీన్ నియమం. ఎలాగూ జుహర్‌కు ముఖం కడుగుతాం. అప్పుడు తుడుచుకుని నమాజ్ అయ్యాక మళ్లీ రాస్తే, ఎండ గట్టిగా ఉండే మధ్యాహ్నం అంతా రక్షణ ఉంటుంది. ఆఫీసులో, ఇంట్లో ఉండే వాళ్లకు పొద్దున ఒకసారి, జుహర్ తర్వాత ఒకసారి చాలు. బయట తిరిగే పని అయితే మధ్యలో ఇంకోసారి. రెటినాల్ వాడే వాళ్లు ఇషా నమాజ్ అయ్యాక రాసుకుంటే రాత్రంతా పనిచేస్తుంది, ఫజ్ర్ వుజూలో కడుక్కుపోతుంది.

నీళ్లు చర్మానికి తగలకుండా ఆపే పొర ఉంటే వుజూ కాదని అందరికీ తెలుసు, గోళ్ల రంగు విషయంలో చెప్పేది అదే. చర్మంలోకి ఇంకిపోయే క్రీము, నూనె జిడ్డు అడ్డం కాదని ఉలమా చెబుతారు. మందంగా పూతలా నిలిచే వాటర్‌ప్రూఫ్ రకం విషయంలో అనుమానం ఉంటే ముందు ఫేస్‌వాష్‌తో కడిగి, తర్వాత వుజూ చేస్తే ఏ చిక్కూ లేదు. మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి.

వుజూకి ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. మామూలు సబ్బు క్షారం, చర్మం కొద్దిగా ఆమ్లం. రోజుకు ఐదుసార్లు సబ్బు, అందులోనూ మన బోరు నీళ్లు అంటే చర్మం బిగుసుకుపోయి పగులుతుంది. టవల్‌తో రుద్దకుండా అద్దినట్టు తుడిచి, తడి ఆరకముందే కాస్త క్రీము రాయండి. కాలి వేళ్ల సందులు మాత్రం పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే ఒరిసిపోయి ఫంగస్ వస్తుంది. షుగర్ ఉన్న వాళ్లకు ఇది చాలా ముఖ్యం. మడమల పగుళ్లకు, నమాజ్‌లో కూర్చుని చీలమండల దగ్గర మందమైన చర్మానికి రాత్రిపూట పెట్రోలియం జెల్లీ సరిపోతుంది.

బుర్ఖా, హిజాబ్, బైక్ మీద ముఖానికి కట్టే స్కార్ఫ్ నిజంగానే మంచి సన్‌స్క్రీన్. దగ్గరి నేత, ముదురు రంగు గుడ్డ కిరణాలను బాగా ఆపుతుంది. బయట మిగిలేది ముఖం, చేతులు. అక్కడే మచ్చలు వస్తాయి, అక్కడే రాయాలి. పూర్తిగా కప్పుకుని ఉండే వాళ్లలో విటమిన్ డీ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఒళ్లు నొప్పులు, నీరసం ఉంటే రక్త పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోవాలి. విటమిన్ డీ కోసం ముఖాన్ని ఎండబెట్టక్కర్లేదు.

మగవాళ్లు ఇదంతా ఆడవాళ్ల గోల అనుకుంటారు. కానీ ఎండలో ఎక్కువ ఉండేది వాళ్లే. చార్మినార్ దగ్గర బండి పెట్టుకున్న వాళ్లు, ఆటో డ్రైవర్లు, డెలివరీ పిల్లలు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్ వెళ్లి బయట పనులు చేసే వాళ్లు సరే సరి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న రూల్ ఉంది. మిగతా గంటల్లో మెడ మీద గుడ్డ, పొడుగు చేతుల చొక్కా, కాస్త సన్‌స్క్రీన్ వాళ్లే చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ల విషయం చివరిగా. డెబ్బై దాటిన నానీ, దాదాల చర్మం కాగితంలా పలచగా ఉంటుంది, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. చలికాలం రాత్రిళ్లు ఒళ్లంతా దురద అంటే చాలాసార్లు అది పొడిబారడమే. బాగా వేడి నీళ్లు తగ్గించి గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండి, సబ్బు చంకలు, కాళ్లకే వాడండి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ క్రీము గానీ రాయండి. రెండు వారాల్లో తగ్గకపోతే, లేదా నెల రోజులైనా మానని పుండు, రంగు, ఆకారం మారుతున్న పుట్టుమచ్చ కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి.